కిటికీ కింది గోడ

నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తూ తగిలిన దెబ్బకు పున్నయ్య ఇంటి ముందుగోడ, కిటికీ కింద, చేటంత మేర ఊడి కుప్పగా పడింది. లోపలి ఇటుకలు బయటపడ్డాయి. డ్రైవరు కిందికి దిగలేదు. చెయ్యి బయటపెట్టి, అదేదో పలకరింపయినట్టు ఊపి, బిందెలతో వెంటపడుతున్న ఆడవాళ్లను వెంటేసుకుని పక్కవీధిలోకి పోయాడు. మాచర్లలో మే నెలలో ఎవరితోనైనా తగాదా పెట్టుకోవచ్చుగానీ నీళ్ల ట్యాంకరుతో మాత్రం పెట్టుకోకూడదు. ఆ సంగతి బాగా తెలిసిన పున్నయ్య భార్య కాంతమ్మ ముందు వెంటపడి తన రెండు బిందెలూ నింపుకుని, ఆ తరవాతే వచ్చి గోడ చూసుకుంది.

చర్చి వెనక వీధి మొత్తానికీ గులకరాళ్ల గోడ ఉన్న ఇల్లు అదొక్కటే. మిగతావన్నీ రంగులు వేసినవో, ఈమధ్య టైల్సు అంటించినవో. పచ్చి సిమెంటు మీద నలుపు, తెలుపు, తేనెరంగు గులకరాళ్లు దట్టంగా కొట్టిన ఆ గోడకు ఏ సోకూ చెయ్యనక్కర్లేదు. వాన పడితే దానంతటదే కడుక్కుని మెరుస్తుంది. పున్నయ్య మేస్త్రి ఇల్లెక్కడని అడిగితే "రాళ్లగోడ ఇల్లు" అనే చెబుతారు ఎవరైనా.

సాయంత్రం క్రాంతి కుమార్ వచ్చాడు. ఒకప్పుడు పున్నయ్య చేతికింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు తనే మేస్త్రీలను పెట్టుకుని బిల్డింగులు కట్టిస్తున్న కాంట్రాక్టరు. బండికి స్టాండు వేసి, ఊడినచోట వేలితో గీకి చూసి, పెదవి విరిచాడు.

"ఇయ్యి ఇప్పుడు కొట్టేవాళ్లెవరున్నారు బాబాయ్? నా దగ్గరున్న కుర్రోళ్లు ఇట్టాంటి పని కంటితో కూడా చూసుండరు. అతుకేస్తే అతుకులాగే కనపడిద్ది. మొత్తం లేపేద్దాం. సోమవారం పగలగొట్టే మిషను తెస్తా, ఒక్క పూటలో గోడ శుభ్రంగా వచ్చేస్తది. పైన టైల్సు వేసుకుందాం. నీ దగ్గర కూలి తీసుకుంటానా నేను?"

పున్నయ్య పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పరంజా మీదనుంచి పడిన నాటినుంచీ అతని కుడిచెయ్యి మోచేతికి మించి లేవదు. దాన్ని ఎడమచేత్తో ఒళ్లోకి తెచ్చి పెట్టుకోవడం ఒక అలవాటుగా మారింది.

"లేపెయ్యరా," అన్నాడు. "ఊడింది ఎక్కడో చూశావుగా? అది నేను కొట్టింది కాదు. ఆ పక్కంతా మీ పిన్ని కొట్టింది. ఆడదాని చేతి రాళ్లు ఎంతకాలం ఆగుతయ్యిరా?"

క్రాంతి కుమార్ నవ్వాడు. ఎదురింటి గుమ్మంలో మిషను మీద జాకెట్లు కుట్టుకుంటున్న సబీహా కూడా పెదవి చాటున నవ్వుకుంది. గోడను ఎవరు మెచ్చుకున్నా పున్నయ్య చెప్పే హాస్యం అది. గృహప్రవేశం నాటినుంచీ చెబుతూనే ఉన్నాడు, కాంతమ్మ కూడా అందరితోపాటు నవ్వుతూనే వచ్చింది. ఈరోజు మాత్రం నవ్వు రాలేదు. టీ గ్లాసులు ఇద్దరి చేతుల్లోనూ పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

ఎన్నో ఏళ్లపాటు ఆమె పున్నయ్య వెనక మాలు మోసింది. ఇసుక జల్లించడం, నీళ్లు తేవడం, సిమెంటు కలిపి మాలు చెయ్యడం, మాలు నింపిన గమేళా నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కడం, అన్నీ ఆమె పనులే. పొద్దుపోయాక తాపీ కడిగి, పిడి అతనివైపు తిప్పి అందించడం కూడా ఆమె పనే. ఆ తాపీని గోడకు ఆనించడం మాత్రం మగవాడి పని. ఏ సైటులోనూ ఆడమనిషి చేతికి తాపీ ఇవ్వరు, ఎందుకివ్వరని అడిగినవాళ్లూ లేరు. మాచర్లలో, గురజాలలో, దుర్గిలో ఆమె మాలు మోసిన ఇళ్లు వీధులకు వీధులున్నాయి. వాటిలో ఆమె చేతి గోడ జానెడు లేదు. ఉన్నదల్లా ఇదొక్కటే, కిటికీ దగ్గర్నుంచి ఎడమపక్క మూల దాకా. సొంతిల్లు కట్టుకునేటప్పుడు, ముందు కిటికీ పైన, తరవాత గుమ్మం దగ్గర్నుంచి కిటికీ దాకా రాళ్లు కొట్టి పున్నయ్య టీకి పోయాడు. ఎంతకూ రాలేదు. కలిపిన మాలు బిగుసుకుపోతుంటే చూడలేక, ఆమే గోడ తడిపి, మాలు పూసి, రాళ్లు కొట్టేసింది. సోమవారం మిషను వస్తే ఇక అదీ ఉండదు.

"మొత్తం ఎందుకు లేపటం?" అంది. "ఊడినకాడ పూడిస్తే సరిపోదా?"

"ఎవరు పూడుస్తారు పిన్నీ?" అన్నాడు క్రాంతి కుమార్ టీ ఊదుకుంటూ.

ఎగతాళిగా అనలేదతను, నిజంగానే అడిగాడు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

మర్నాడు పొద్దున్నే మంచం కింది గోనెసంచి బయటికి లాగింది. తాపీ, సుత్తి, ఉలి, రుద్దుడు చెక్క, అన్నీ అందులోనే పడి ఉన్నాయి. తాపీ తుప్పెక్కింది.

"ఏమే, ఆ సంచి ఎందుకు తీస్తన్నావ్?" అన్నాడు పున్నయ్య.

"గోడకి."

"గోడకేంది?"

"పూడుస్తా. నీ చెయ్యి లేవదు, నాది లేస్తది. ఈ కాస్తా పూడిస్తే మొత్తం పగలగొట్టే పన్లేదు."

"తాపీ పట్టుకోంగానే మేస్త్రివైపోతావేంది?"

"అవ్వనులే. నా గోడ నేను పూడ్చుకుంటా."

నా గోడ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే కొత్తగా అనిపించింది. పున్నయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. గోల పెట్టుకుంటే ఎదురింట్లో కుట్టుమిషను ఆపి మరీ వింటారని అతనికి తెలుసు.

"సరే, సోమవారం క్రాంతిగాడు వచ్చేలోపు పూడ్చుకో," అన్నాడు. "వాడొచ్చి అతుకు ఎక్కడుందో వెతుక్కునేటట్టుంటే గోడ ఉంచుదాం. చెత్తగా వచ్చిందనుకో, లేపెయ్యటమే. మళ్లా నన్ననొద్దు."

"అననులే," అంది.

ఇల్లు తూర్పుముఖం. మధ్యాహ్నం దాటితేగానీ గోడ మీదికి నీడ రాదు. అందుకని ఎండ ముదరకముందే చెక్కుడు పని మొదలుపెట్టింది. ఊడినచోట పూడ్చేముందు చుట్టూ ఉన్నది గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి. పట్టు తప్పిన పూత పైకి నిక్షేపంగానే కనిపిస్తుంది, సుత్తితో తడితేగానీ లోపలి గుల్ల బయటపడదు. గుల్లగా మోగినంత మేరా తీసేసి, గట్టిగా మోగినచోట ఆగాలి. ఇది ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నెత్తిన గమేళాతో నిలబడి చూసిందే.

ముందు తనవైపే తట్టింది. పున్నయ్య అన్ని ఏళ్లనుంచీ అంటున్న మాట నిజమే అయితే ఈ సుత్తే ఆ సంగతి చెబుతుంది. కళ్లు మూసుకుని ఒక దెబ్బ వేసింది. ఠక్కుమంది. రెండోది ఇంకాస్త ఎడమకు వేసింది. ఠక్కుమంది. వంగి, కింద పునాది రాయి దాకా తట్టింది. లేచి, మూల దాకా తట్టుకుంటూ పోయింది. ఎక్కడ తట్టినా బండరాయిని తట్టినట్టే మోగింది. ఒకచోట కావాలని గట్టిగా బాదింది, ఒక్క రాయి కూడా రాలలేదు.

అప్పుడు కుడివైపుకు, పున్నయ్య కొట్టినదాని దగ్గరికి వచ్చింది. తట్టీ తట్టగానే బొద్దుమంది. ఉలి మొన ఆనించి కాస్త ఎత్తేసరికి అరచేయంత పెచ్చు చేతిలోకి వచ్చింది. వెనకవైపు ఇటుకపొడి ఎర్రగా, పొడిగా ఉంది. తడి తగిలిన ఆనవాలే లేదు. ఇల్లు కట్టుకున్నప్పుడు, ఇక్కడ రాళ్లు కొట్టిన రోజు పున్నయ్య తొందరలో ఉన్నాడు. గోడ మీద నీళ్లు చల్లబోతే "నీళ్లు చాల్లే, మాలు తే" అని కేకలేశాడు. నీళ్లు తాగని ఇటుక మాలులోని తడి పీల్చేసుకుని దాన్ని పట్టుకోకుండా వదిలేసింది. అన్ని ఏళ్లూ ఆ పూత గోడను పట్టుకుని లేదు, పక్కన కాంతమ్మ కొట్టిన దాన్ని పట్టుకుని నిలబడింది.

ఆమెకు గర్వం ముంచుకొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా, గోడతో ముచ్చట్లా?" అంది ఎదురింటినుంచి సబీహా.

"ఏం లేదమ్మా, దుమ్ము."

ఆ మాట అంటూ వెనక్కి చూసింది. పున్నయ్య మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్నాడు. కానీ నిద్రపోవడం లేదు. జీవితమంతా గోడలు తట్టినవాడికి ఏ దెబ్బ ఏమని చెప్పిందో చూడక్కర్లేదు, వింటే చాలు. ఆమె మళ్లీ తట్టింది. బొద్. ఇంకొంచెం గుమ్మంవైపు తట్టింది. బొద్. పెచ్చులు ఒకటొకటిగా ఊడి కిందపడుతూనే ఉన్నాయి. చేటంత గుంట తలుపు రెక్కంత అయింది.

"ఇంక చాల్లే. ఇల్లంతా తవ్వుతావా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"గుల్లగా ఉందయ్యా."

"ఏ పక్క?"

ఆమె సుత్తి దించింది. చెప్పదలుచుకుంటే అన్నేళ్ల బాకీ ఒక్క మాటతో తీరిపోతుంది. సబీహా వింటోంది, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. కానీ పొట్ట మీద పడి ఉన్న ఆ కుడిచెయ్యి చూసేసరికి గొంతు పెంచబుద్ధి కాలేదు.

"గుమ్మం పక్క," అంది మెల్లగా.

పున్నయ్య లేచి లోపలికి వెళ్లిపోయాడు.

నీడ వచ్చాక గోడ తడిపింది. ఇటుక చుయ్యిమంటూ నీళ్లు తాగింది. రెండు బిందెలు చాలలేదు. సబీహా ఒక బకెట్టు తెచ్చి ఇచ్చింది.

"బట్టలు జాడించిన నీళ్లక్కా. పారబోసేవే."

"సబ్బు నీళ్లు పనికిరావమ్మా. సిమెంటు పట్టదు. నీ మొక్కలకు పోసుకో."

"ఓయబ్బో, గోడకి మంచినీళ్లు కావాలా?" అంటూనే సబీహా లోపలికి వెళ్లి తాగేనీళ్ల బిందె తెచ్చింది. "పొయ్యి. రేపు మా ఇంట్లో దప్పికైతే నీ గోడ దగ్గరికి పంపిస్తా."

అంచులను లోపలికి వాలుగా చెక్కి, కొత్త మాలు వాటి కిందికి దూరి పట్టుకునేలా చేసింది కాంతమ్మ. మొదటి చెయ్యి మాలు పలచగా వేసి, గట్టిగా అదిమి, పచ్చిమీదే మేకుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసింది. గీతలుంటేనే మీద వేసే రెండో చెయ్యి పట్టుకుంటుంది. తాపీ మొదట్లో చేతిలో అటూ ఇటూ తిరిగింది. అన్నాళ్లు కడిగి అందించిందేగానీ దాని బరువు మణికట్టుకు ఎలా ఆనుతుందో ఎప్పుడూ తెలియలేదు. పైన తడి గోనెపట్టా కప్పి, అన్నం వండటానికి లేచింది.

శుక్రవారమంతా రాళ్ల పనితోనే సరిపోయింది. రాలిన పెచ్చులను సుత్తితో మెల్లగా చితక్కొట్టి, జల్లించి, పాత గులకరాళ్లను విడదీసింది. ఒక్కోదాన్ని బ్రష్షుతో తోమి సిమెంటు వదిలించింది. అవి సగానికే వచ్చాయి. పొద్దు వాలాక సబీహాను వెంటబెట్టుకుని చంద్రవంక వాగుకు పోయింది. వాగు ఎండి, అక్కడక్కడ మడుగులు మిగిలి ఉన్నాయి. కాంతమ్మ వంగి ఒక రాయి తీసేది, కొంగుకు తుడిచి చూసేది, మూడింట రెండు పారేసేది.

"మా ఆయన పెళ్లికి ఉంగరం కూడా ఇంత చూసి కొనలేదక్కా," అంది సబీహా నడుం పట్టుకుని. "రాయి రాయేగా. ఏదైతే ఏంది?"

"గోళీలాగా గుండ్రంగా ఉండేవి వద్దు, పట్టవు. ఒక పక్కన్నా బల్లపరుపుగా ఉండాలి. తేనెరంగువి ఎక్కువ ఏరు. పాతదాంట్లో అవే ఎక్కువ."

"నువ్వు మేస్త్రిలాగే మాట్లాడతన్నావే!"

కాంతమ్మ ఆ మాటను ఇంటిదాకా మూటతోపాటు మోసుకుంటూ వచ్చింది.

శనివారం మధ్యాహ్నం గోడ మీదికి నీడ రాగానే రెండో చెయ్యి మొదలుపెట్టింది. గమేళా నిండా మాలు కలిపింది. పాళ్లు చేతికి తెలుసు, బిగువు చేతికి తెలుసు, చూడకుండా కలపగలదు. పూయడం మాత్రం అనుకున్నంత వేగంగా సాగలేదు. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం. సరిచేసుకుంటూ, బద్దతో లాగుతూ, కిటికీ దగ్గర్నుంచి గుమ్మంవైపు చేరేసరికి గాడ్పు వీచి మొదట పూసినదాని మీద సన్నటి పొర కట్టింది. అది ఆమె గమనించలేదు. దోసిట్లోకి రాళ్లు తీసుకుని కొట్టింది. రాళ్లు గోడకు తగిలి, ఉడికిన గుగ్గిళ్లలాగా జలజలా రాలి కిందపడ్డాయి. మళ్లీ కొట్టింది. ఒకటీ అరా అంటుకుని, చెక్కతో అదమబోతే అవీ ఊడి వచ్చాయి. గమేళాలో మిగిలిన మాలు కూడా బిగుసుకుంది.

బోరు దగ్గర్నుంచి బిందెలతో పోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. ఒకామె ఏదో అంది, ఇంకొకామె నవ్వింది. కాంతమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంక రేపటికల్లా వీధిలో కొత్త హాస్యం తయారవుతుంది, దాన్ని కూడా పున్నయ్యే అందంగా చెబుతాడు అనుకుంది.

"ఎంత కలిపావ్?"

పున్నయ్య గొంతు అది. గురువారం నుంచీ గోడ గురించి పెదవి విప్పనివాడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గమేళాడు," అంది వెనక్కి తిరక్కుండానే.

"ఎవరికి కలిపావ్?"

"ఎవరికేంది? గోడకి."

"కాదు. నాకు కలిపావ్. అది నా చెయ్యి నడిచే లెక్క. నువ్విప్పుడే తాపీ పట్టావ్, నీ చెయ్యి అంత పరుగెత్తదు. నీకు నువ్వు కలుపుకో."

ఆమె తాపీతో అలాగే నిలబడిపోయింది. నిజమే. ఎన్నో ఏళ్లుగా ఆమె కలిపిన ప్రతి గమేళా అతని చేతి వేగానికి కలిపిందే. తన చేతికి ఎంత కావాలో ఆమె ఎప్పుడూ అనుకోలేదు, అనుకోవాల్సిన అవసరం రాలేదు. పూసినదంతా గీకి పారేసింది. గోడ మళ్లీ తడిపింది. ఈసారి అన్నం గిన్నెడు మాత్రమే కలుపుకుంది. ముందు కిటికీ కింద మూరెడు మేర పూసి, అది పచ్చిగా ఉండగానే రాళ్లకు వంగింది.

దోసిలి వదిలేసి చేట అందుకుంది. తడిపిన రాళ్లు చేటలో పోసి, బియ్యం చెరిగేటప్పుడు పొట్టును ఎగరగొట్టే తీరున మణికట్టు ఒక్కసారి విదిలించింది. జల్లుమని రాళ్లు విసురుగా, సమంగా, ఒకదాని పక్కన ఒకటిగా వెళ్లి మాలులో కూర్చున్నాయి. నాలుగైదు మాత్రం రాలాయి. అంతమాత్రం పున్నయ్య చేతిలోంచి కూడా రాలేవి. చెక్కతో సుతారంగా అదిమింది. మళ్లీ గిన్నెడు కలుపుకుంది, మళ్లీ మూరెడు పూసింది, మళ్లీ విదిలించింది. పాత గోడ, కొత్త గోడ కలిసే అంచులో గీత కనపడకుండా రాళ్లను వేళ్లతో ఒకటొకటిగా అటూ ఇటూ చొప్పించింది. సబీహా మిషను ఆగిపోయి చాలాసేపయింది. గుమ్మందాకా చేరి వెనక్కి అడుగేసి చూసుకున్నప్పుడు కాంతమ్మకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. తను మాలు మోసిన ఇళ్లన్నిటిలోకీ ఇంత అందమైన గోడ ఇంకెక్కడా లేదనిపించింది, అలా అనుకోవడానికి సిగ్గు కూడా వెయ్యలేదు.

అప్పుడు చూసింది, పున్నయ్య మంచాన్ని గోడకు ఎదురుగా తిప్పుకున్నాడు.

ఆదివారం చర్చిలో కూర్చున్నదన్న మాటేగానీ ధ్యాసంతా గోనెపట్టాల మీదే ఉంది. ఎండకు ఆరిపోయాయేమో. ఆరాధన అయ్యీ అవ్వగానే పున్నయ్యను స్నేహితుల దగ్గర వదిలేసి ఇంటికొచ్చి నీళ్లు కొట్టింది. తరవాత స్టూలు వేసుకుని ఎక్కి, కిటికీ పైభాగం కూడా తట్టి చూసింది. అది పున్నయ్య మొదట, తీరుబడిగా కొట్టిన ముక్క. ఠక్కుమని మోగింది. అటూ ఇటూ తట్టింది, గట్టిగానే ఉంది. అప్పటికిగానీ ఆమె మనసు కుదుటపడలేదు. అతని చేతిది కొంచెమైనా గోడ మీద నిలబడాలని ఆమెకు ఉంది.

సోమవారం పొద్దున్నే క్రాంతి కుమార్ వచ్చాడు. ఆటోలో పగలగొట్టే మిషను, ఇద్దరు మనుషులు, గమేళా చంకన పెట్టుకున్న ఇందిర అనే కూలామె. కాంతమ్మ గోనెపట్టాలు తీసి పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడింది. క్రాంతి కుమార్ గోడ ముందు ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచాడు. వంగి చూశాడు. వేలితో తడిమాడు.

"ఓరి నీ! తడి లేకపోతే ఎక్కడో కనిపెట్టలేకపోయేవాణ్ని," అన్నాడు. "బాబాయ్, చెయ్యి బాగైందని చెప్పనే లేదే! అదే చెయ్యి, అదే విసురు!"

కాంతమ్మ భర్త మొహంవైపు చూసింది. అతను ఊఁ అంటే చాలు, కొత్తది కూడా అతనిదైపోతుంది. ఆమె నోరు తెరిచి చెప్పుకోదు, చెప్పుకున్నా మేస్త్రి ఇంట్లో ఉండగా ఎవరు నమ్ముతారు?

"ఇంకేం మరి," అన్నాడు క్రాంతి కుమార్ హుషారుగా. "చెయ్యి వచ్చిందిగా. ఆ ఎడమపక్కది పిన్ని కొట్టిందే గదా, ఇయ్యాల కాకపోతే రేపు అదీ ఊడిద్ది. మిషను ఎట్టాగూ తెచ్చాం. అది లేపేస్తాం, నువ్వే మళ్లా కొట్టెయ్యి." మనిషికి సైగ చేశాడు. వాడు వైరు విప్పి, మిషను మొన కాంతమ్మ గోడకు ఆనించాడు.

కాంతమ్మ గుమ్మంలోంచి ముందుకు అడుగేసింది.

"ఒరేయ్, ఆగు!"

పున్నయ్య లేచాడు. ఎడమచేత్తో సుత్తి అందుకుని వచ్చి క్రాంతి కుమార్ చేతిలో పెట్టాడు.

"తట్టు."

"ఎక్కడ బాబాయ్?"

"నువ్వు లేపుతానన్నకాడ. నేను నేర్పిన పనేగా, తట్టి చూడు."

క్రాంతి కుమార్ తట్టాడు. ఇంకోచోట తట్టాడు. మూల దాకా పోయి తట్టాడు. వెనక్కి తిరిగేసరికి మొహంలో హుషారు తగ్గింది.

"రాయిలాగుందే."

"ఉండిద్ది. అది మీ పిన్ని కొట్టింది," అన్నాడు పున్నయ్య. ఎదురింటికి కూడా వినపడేంత గట్టిగానే అన్నాడు. "ఊడింది నాది. గోడకి నీళ్లు తాపకుండా కొట్టా. గుల్లైపోయింది. ఇన్నేళ్లనుంచీ ఆమె మీదికి తోసి నవ్వించా మిమ్మల్నందర్నీ. ఇప్పుడు పూడ్చింది కూడా ఆమే. నా చెయ్యి బాగవలా, ఏం కాలా." కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూపించి వదిలేశాడు. "ఇందులో నాదంటూ మిగిలింది కిటికీ మీద ఆ కాస్తే. అదీ గుల్లే అయ్యుంటది. అది కూడా తీసేసి కొట్టమంటా ఆమెనే."

ఇందిర గమేళా కింద పెట్టి, దగ్గరికొచ్చి కొత్తగోడ మీద అరచెయ్యి వేసింది. ఆ తరవాత కాంతమ్మ చేతులవైపు చూసింది. సిమెంటు కాటుకు వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

"అది తియ్యనక్కర్లా," అంది కాంతమ్మ. "నిన్న స్టూలేసుకుని తట్టి చూశా. గట్టిగానే ఉంది."

పున్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. "నా మనసు కోసం అంటన్నావా?"

"గోడ సంగతిలో అబద్ధాలు చెప్పే అలవాటు నాకు లేదు."

ముందు సబీహా నవ్వింది. ఆ తరవాత పున్నయ్య నవ్వాడు, చాలా రోజుల తరవాత భుజాలు కదిలేలా నవ్వాడు. క్రాంతి కుమార్ మిషను వైరు చుట్టుకోమని మనిషికి చెప్పి, తను బండివైపు కదిలాడు.

"యాడికిరా పోతన్నావ్?" అంది కాంతమ్మ. "నలుగురొచ్చారు, ఊరికే పోతారేంది? కొత్తగోడ, ఎండ ఎక్కకముందే నీళ్లు తాగాలి. లోపల బిందెలున్నయ్, చర్చి బోరు దగ్గరికి పొండి. ఇందిరా, నువ్వుండమ్మా, నువ్వు మొయ్యమాక. ఇటొచ్చి నిలబడు, అంచులెట్టా కలిపానో చూపిస్తా."

క్రాంతి కుమార్ ఒకసారి పున్నయ్యవైపు చూశాడు.

"నా మొహం చూస్తావేందిరా?" అన్నాడు పున్నయ్య. "చెప్పిందిగా."

కాంట్రాక్టరు చొక్కా చేతులు పైకి మడుచుకుని, బిందె భుజానికెత్తుకుని బోరు దగ్గరికి నడిచాడు.